కాళ్లెడముగా నిలిచిన రొట్టెమనిషి

డిసెంబరు నెల 6వ తేదీ సమీపించుచుండగా, స్విట్జర్లాండు దేశమున జర్మను భాష మాటాడెడి ప్రాంతములన్నిటను, జ్యూరిచ్ వంటి మహానగరము మొదలుకొని ఆల్ప్స్ పర్వతముల నడిమి లోయలలోని చిన్న గ్రామము వఱకు, రొట్టెల దుకాణముల కిటికీలలో ఒక చిన్న మనుష్యుడు బారులు తీఱి కనబడును. గుండ్రని తల, నిండైన పొట్ట, నడుమునకు ఆనించిన చేతులు, ఎడముగా చాచిన కాళ్లు, కన్నుల చోట రెండు ఎండుద్రాక్షలు, ఒడలంతయు నిగనిగలాడు బంగారువన్నె: ఇవి అతని లక్షణములు. జ్యూరిచ్, బెర్న్ ప్రాంతములవారు ఇతనిని గ్రిట్టిబెంట్స్ అందురు. బాసెల్ నగరమున ఇతడే గ్రెట్టిమా. ఫ్రెంచి మాటాడెడి పడమటి ప్రాంతములవారికి బొనోమ్. సరిహద్దు దాటి జర్మనీ, ఆల్సేస్, లక్సెంబర్గ్ సీమలకు పోయినను వేఱు వేఱు పేరులతో ఇతని బంధువర్గము కానవచ్చును.

ఈ రొట్టెమనిషిని చేయు సందర్భము సెయింట్ నికొలస్ పండుగ. నేటి టర్కీదేశపు దక్షిణతీరమున నున్న మైరా పట్టణమునకు నాలుగవ శతాబ్దమున బిషప్పుగా నుండి, బీదలకును బాలురకును అండయై నిలిచినవాడని క్రైస్తవలోకము కొనియాడెడి మహనీయుడు నికొలస్. ఆయన స్మృతిదినమగు డిసెంబరు 6న స్విస్ బాలుర యిండ్లకు సామిక్లౌస్ అను పేర ఎఱ్ఱని నిలువుటంగీతో, తెల్లని గడ్డముతో ఒక వృద్ధుడు వచ్చును. ఆయన వెంట ముదురు వన్నె ముసుగుతో ష్ముట్స్లి అను సేవకుడు గోనెసంచి మోసికొని వచ్చును. పిల్లలు తాము నేర్చిన చిన్న పద్యమును సామిక్లౌస్ ఎదుట అప్పగింపగా, ఆయన తన పెద్ద పుస్తకము విప్పి, ఆ యేట వారు చేసిన మంచిని మెచ్చుకొని, చెడ్డను మెల్లగా మందలించి, సంచిలోనుండి అక్రోటుకాయలు, వేరుసెనగకాయలు, కమలాఫలములు, సుగంధద్రవ్యములు కలిపిన తీపిరొట్టెలు పంచిపెట్టును. ఫ్రిబూర్ నగరమునకు నికొలస్ పాలకదైవము వంటివాడు కావున అచ్చట ఉత్సవము మఱింత ఘనముగా జరుగును. సెయింట్ మిషేల్ కళాశాల విద్యార్థి యొకడు ఆ మహాత్ముని వేషము ధరించి, గాడిదనెక్కి వీథులలో ఊరేగి, తుదకు ప్రధానాలయపు పిట్టగోడనుండి పురజనులనుద్దేశించి ప్రసంగించును.

పదునాఱవ శతాబ్దమున జ్యూరిచ్, బెర్న్, బాసెల్ మున్నగు నగరములు మతసంస్కరణమును స్వీకరించి మహాత్ముల ఆరాధనమును త్యజించినవి. అయినను రొట్టెమనిషి మాత్రము వెడలిపోలేదు. నేడు స్విట్జర్లాండులో కాల్చెడి ఈ బొమ్మకు బిషప్పు కిరీటము గాని, దండము గాని సామాన్యముగా నుండదు. అతడు ఏ మతమువారి బల్లపైనైనను కూర్చుండగల సాధారణ మానవుడు. జర్మనీలో కొన్ని చోట్ల ఇతని చేతిలో నుంచెడి మట్టిపైపు, ఒకప్పటి బిషప్పు దండమే తలక్రిందులై అట్లు మాఱినదని చెప్పెడివారును కలరు.

దుకాణములలో విరివిగా దొరకుచున్నను ఈ బొమ్మను ఇంటనే చేసికొనుట స్విస్ కుటుంబములలో చిరకాలపు ఆచారము. పండుగకు ముందటి సాయంకాలమో, ఆ వారపు సెలవుదినముననో, తల్లియో తాతయో పిండి పిసికి సిద్ధము చేయగా, పిల్లలందఱు వంటబల్ల చుట్టును చేరి తలకొక ముద్ద తీసికొందురు. ఒకడు తన మనిషికి టోపీ పెట్టును. ఒకతె మెడకు పిండితోనే అల్లిన శాలువ చుట్టును. వేఱొకడు బొత్తముల కొఱకు బాదంపప్పులు గుచ్చి, గడ్డమునకు కత్తెరతో గాట్లు పెట్టును. చేయి తిరిగినవారి బొమ్మయు, నాలుగేండ్ల పసివాని బొమ్మయు ఒకే పళ్లెరమున ప్రక్కప్రక్కన పొయ్యిలోనికి పోవును. బాలవిహారములలోను, ప్రాథమిక పాఠశాలలలోను ఉపాధ్యాయినులు ఈ దినములలో పిల్లలచేత ఇదే పని చేయింతురు.

ఇంత సామాన్యమైన విషయమున విజ్ఞానశాస్త్రమునకు పనియేమి యని పాఠకులు అడుగవచ్చును. సంక్రాంతికి మన యిండ్లలో పోయు పంచదార చిలకలను తలచికొనుడు. చెక్క అచ్చులో పాకము పోసి ఆఱనిచ్చిన పిదప, అచ్చులో ఎట్టి ముక్కు కలదో చిలకకును అట్టి ముక్కే వచ్చును. ఈకపై గీత కూడ చెడదు. రొట్టెమనిషి విషయము వేఱు. పిల్లవాడు చేతితో మలచిన రూపము పొయ్యినుండి వెడలివచ్చు రూపము కాదు. ఈ రెండింటి నడుమ కొంత కాలము గడచును, ఆ కాలమంతయు పిండిలో లక్షోపలక్షల సూక్ష్మజీవులు పని చేయుచుండును, అటుపిమ్మట అగ్ని తన పని చేయును. ఈ మార్పులన్నిటికిని ఓర్చి నిలువగల రూపము ఏదియో అదియే తరతరములుగా మిగిలినది. ఆ కాళ్లెందులకు ఎడముగా నున్నవి, చేతులెందులకు ఒడలిని వీడకయున్నవి, ముక్కుచెవు లెందులకు లేవు అను ప్రశ్నలకు సమాధానము, నాకు తోచినంతలో, ఆచారములో కంటె పిండియొక్క స్వభావములోనే ఎక్కువగా కలదు.

మొదట పాళ్లు చూతము. ఇండ్లలో వాడుకగా నున్న కొలత యిది: 500 గ్రాముల తెల్లని గోధుమపిండి, 3 డెసిలీటర్లు, అనగా 300 మిల్లీలీటర్ల పాలు, 60 గ్రాముల వెన్న, 20 గ్రాముల పచ్చి ఈస్టు, ఒకటిన్నర చెంచా ఉప్పు, చెంచాడు చక్కెర. పచ్చి ఈస్టు అచ్చటి దుకాణములలో 42 గ్రాముల చిన్న దిమ్మలుగా అమ్మబడును; కావున సగము దిమ్మ ఒక మోతాదునకు సరిపోవును. ఇది ఆదివారపు ఉదయములయందు స్విస్ కుటుంబములు తినెడి త్సొప్ఫ్ అను జడరొట్టె పిండియే. పాలలో నూటికి 87 పాళ్లు నీరే. ఆ లెక్కను 500 గ్రాముల పిండికి చేరు నీరు ఇంచుమించు 270 గ్రాములు, అనగా పిండి బరువులో నూటికి 54 పాళ్లు. ఫ్రెంచివారి పొడుగు రొట్టెలకు నూటికి ఇంచుమించు 65 పాళ్ల నీరు పోయుదురు. నీరు తగ్గిన కొలది పిండి బిగువుగా నుండి, మలచిన రూపమును నిలుపుకొనును; నీరు హెచ్చిన కొలది జాఱి పళ్లెరముపై పరచుకొనును. బొమ్మలకు జడరొట్టె పిండినే వాడుటలోని మర్మము ఇది.

నీరు తగిలిన గోధుమపిండి జొన్నపిండికిని వరిపిండికిని లేని సాగుడుగుణమును పొందును. దానికి కారణమైన పదార్థమును ఇటలీలోని బొలోన్యా నగరమునకు చెందిన బెక్కారి అను పండితుడు 1728లో వేఱుచేసి చూపెను. ఆయన చేసిన ప్రయోగమును ఎవరైనను ఇంట చేయవచ్చును: చపాతీకి కలిపిన గోధుమపిండి ముద్దను నీటి ధారక్రింద పట్టి మెల్లగా పిసికినచో, తెల్లని పాలవంటి నీరు కాఱి, పిండిపదార్థమంతయు వెడలిపోయిన పిమ్మట, చేతిలో బూడిదవన్నె గల జిగట ముద్ద యొకటి మిగులును. అదియే గ్లూటెన్. అందు ముఖ్యముగా రెండు తెగల మాంసకృత్తులు కలవు. గ్లూటెనిన్ పొడవైన గొలుసులుగా ఏర్పడి, గంధకపు బంధములచే ఒకదానితో నొకటి పెనవైచికొని, లాగినచో మరల వెనుకకు పోవు గుణమును ఇచ్చును. గ్లయడిన్ ఆ గొలుసుల నడుమ చేరి, పిండి తెగక సాగునట్లు చేయును. పది నిమిషములు గట్టిగా పిసికిన పిమ్మట చిన్న ముద్దను రెండు చేతుల వ్రేళ్లతో నలువైపుల సాగదీసినచో, వెనుక నున్న దీపపు వెలుగు కనబడునంత పలుచని పొరయై, చినుగక నిలువవలెను. అట్లు నిలిచినచో పిండి సిద్ధమైనదని గృహిణులు గ్రహింతురు. వెన్నను ఆరంభముననే ఎక్కువగా కలిపినచో అది పిండిరేణువులను క్రమ్మి నీటిని అంటనీయదు కావున, గ్లూటెన్ కొంత ఏర్పడిన పిదప వెన్నను చేర్చువారు కలరు.

సాగుగుణముతోపాటు వెనుకకు పోవు గుణము కూడ ఉండుటయే బొమ్మలు చేయువారికి వచ్చు మొదటి చిక్కు. పిల్లవాడు పిండిని నులిమి చేయి చేయును. అరనిమిషము గడచునప్పటికి ఆ చేయి పొట్టిదగును. మరల లాగును, మరల అది ముడుచుకొనును. బలము ప్రయోగించుట వలన లాభము లేదు. పిండిని గుడ్డ కప్పి పది నిమిషములు ఊరక విడిచినచో, లోపలి బంధములు కొన్ని సడలి క్రొత్త స్థానములలో కుదురుకొనును; అప్పుడు చేయి చెప్పినట్లు వినును. స్విట్జర్లాండులో త్సొప్ఫ్ కొఱకు ప్రత్యేకముగా అమ్మెడి పిండిలో డింకెల్ అను ప్రాచీన గోధుమజాతి పిండిని కొంత కలుపుట పరిపాటి. డింకెల్ గ్లూటెన్‌కు సాగుట హెచ్చు, వెనుకకు ముడుచుకొనుట తక్కువ. జడపాయలకును, బొమ్మ చేతులకును ఇది అనుకూలము.

ఇక ఈస్టు. ఇది ఏకకణజీవి, పిండిలో సహజముగా నున్న కొలది చక్కెరను, పిండియందలి ఎంజైములు పిండిపదార్థమును విఱుచుటచే పుట్టు మాల్టోసును ఆరగించి, బొగ్గుపులుసు వాయువును మద్యసారమును వెలువరించును. పులియుట నిర్జీవమైన రసాయనచర్య కాదనియు, అది జీవుల కార్యమేయనియు 1857 మొదలుగా లూయీ పాస్చర్ చేసిన పరిశోధనలచే స్థిరపడినది. అయితే రొట్టెలోని రంధ్రములు ఈస్టు పుట్టించినవేయని తలచుట పొరపాటు. 1941లో బేకర్, మైజ్ అను పరిశోధకులు వెల్లడించిన దేమనగా, ఈస్టు ఒక్క క్రొత్త బుడగనైనను పుట్టింపజాలదు. పిసుకునప్పుడు పిండిలో చిక్కుకొన్న గాలిబుడగలనే అది నింపి పెద్దవి చేయగలదు. వెలువడిన బొగ్గుపులుసు వాయువు మొదట పిండిలోని నీటిలో కఱగి, నీరు ఇముడ్చుకొనగలిగినంత ఇముడ్చుకొనిన పిమ్మట, మిగిలినది సమీపమున నున్న బుడగలోనికి చేరును. ఈ విషయము తెలిసినపుడు, పిసుకుట యనెడి పని గ్లూటెన్‌ను పెనవేయుటకు మాత్రమే కాక, రేపటి రొట్టె మెత్తదనమునకు బీజములు నాటుటకును అని అర్థమగును. నాలుగేండ్ల పసివాడు పిండిని బల్లకేసి కొట్టి, మడిచి, మరల కొట్టుచు కేరింతలు కొట్టుచుండగా చేయుచున్న పని కూడ ఇదియే.

బుడగలు పెరిగినకొలది బొమ్మ పెరుగును. ఇచ్చట కొంచెము గణితము అవసరము. ముద్ద ఘనపరిమాణము రెండింతలైనచో, దాని పొడవు వెడల్పులు రెండింతలు కావు. రెండునకు ఘనమూలమైన 1.26 వంతున, అనగా నూటికి 26 పాళ్లు మాత్రమే హెచ్చును. బొమ్మ కాలు 4 సెంటీమీటర్ల వెడల్పున నున్నదనుకొందము. అది పొంగి 5 సెంటీమీటర్ల వెడల్పగును. అనగా ఒక్కొక్క ప్రక్కకు అర సెంటీమీటరు వంతున జరుగును. రెండు కాళ్లును ఎదురెదురుగా జరుగును కావున నడిమి సందు ఒక సెంటీమీటరు తఱిగిపోవును. కత్తితో ముద్ద క్రిందిసగమును నిలువున చీల్చి, ఆ రెండు కాళ్లను ఉన్నచోటనే విడిచినచో, పొంగునప్పటికి అవి మరల అంటుకొని, పొయ్యిలో ఒకే స్తంభమై బయటికి వచ్చును. పైగా మెత్తని పిండి తన బరువునకు తాను లొంగి ప్రక్కలకు కొంత పరచుకొనును. కావున లెక్కలోనికి వచ్చినదానికంటె ఎక్కువ ఎడమే కావలెను. ఈ రొట్టెమనిషి కాళ్లు చాచి ధీమాగా నిలిచిన భంగిమ ఇట్లు సిద్ధించినది. అది గర్వముచేత గాని, హాస్యము కొఱకు గాని ఏర్పడినది కాదు. అట్లు నిలువని బొమ్మకు కాళ్లే దక్కవు.

ముక్కుచెవుల సంగతియు ఇట్టిదే. పిండిని చిటికెనవ్రేలి కొనతో నొక్కి చేసిన గుంట, చుట్టునున్న బుడగలు పెరుగగా పూడిపోవును. సన్నగా నిలిపిన ముక్కు చెంపలలో కలిసిపోవును. పసివాడు అరగంటసేపు శ్రమించి తన తాత ముఖమును దించినను, పొంగిన పిమ్మట ఆ తాతయు, ప్రక్కవాని రాజును, చెల్లెలి దేవదూతయు ఒకే పోలికకు వచ్చును. పిండి నిలుపుకొనునవి రెండే: లోతైన గాట్లు, వెలుపలినుండి గుచ్చిన వస్తువులు. కత్తెర మొనతో పై పొరను ఏటవాలుగా కత్తిరించినచో, ఆ రెక్క పొంగుటలో మరింత పైకి లేచి, గడ్డముగనో చొక్కా అంచుగనో తేరుకొనును; ఏలయన గాటు గ్లూటెన్ పొరను తెంచును, తెగిన చోట లోపలి ఒత్తిడి తనకు తాను దారి చేసికొనును. కన్నుల కొఱకు ఎండుద్రాక్షలను అంటీ అంటనట్లు పెట్టిన యెడల, క్రిందనుండి పెరుగు పిండి వానిని పైకి నెట్టివైచును, పొయ్యిలో అవి ఊడి పళ్లెరముపై మాడును. పండు సగమునకు పైగా దిగబడునట్లు, వ్రేలి గోరు మునుగువఱకు గట్టిగా నొక్కవలెనని స్విస్ అమ్మమ్మలు పిల్లలకు చెప్పెడి మాట అక్షరాల శాస్త్రసమ్మతము.

పొయ్యి వేడి 180 నుండి 200 డిగ్రీలు. కాలము బొమ్మ పరిమాణమును బట్టి ఇంచుమించు 25 నిమిషములు. ఇచ్చట మఱియొక సంకటము కలదు. వెలుపలి వేడి వస్తువు నడిమికి చేరుటకు పట్టుకాలము ఆ వస్తువు మందమునకు కాక, మందపు వర్గమునకు అనుగుణముగా హెచ్చును. చేయి 2 సెంటీమీటర్లు, పొట్ట 6 సెంటీమీటర్లు మందమున్నచో, పొట్ట మూడింతల మందమే అయినను, నడిమికి వేడి చేరుటకు ఆదర్శగణితము ప్రకారము తొమ్మిదింతల కాలము కావలెను. పొట్ట కాలువఱకు ఉంచిన చేతులు మాడును. చేతులు కాలగనే తీసిన పొట్ట పచ్చిగా నుండును. గాలిలో ఆకాశమువైపు చాచిన సన్నని చేతులు గల రొట్టెమనిషి ఎందులకు కానరాడో దీనివలన తెలియును. చేతులను ఒడలికి ఆనించి పెట్టినచో అవి ఒడలితో కలిసి ఒకే మందముగా కాలును. పొట్టను అరచేతితో కొంత అణచి చదును చేయుటయు ఇందులకే. ఇంటింట అనుభవజ్ఞులు ఈ వర్గనియమమును పేరుతో ఎఱుగకపోయినను, చేతితో ఎఱుగుదురు.

పొయ్యిలో పెట్టిన మొదటి నిమిషములలో బొమ్మ ఒక్కసారిగా ఉబ్బును. వేడికి వాయువులు వ్యాకోచించుట దీనికి కారణమని చెప్పుట కలదు గాని, 30 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కిన వాయువు వ్యాకోచించునది నూటికి పది పాళ్లే. నీటిలో కఱగియున్న బొగ్గుపులుసు వాయువు వేడికి బయటపడి బుడగలలోనికి చేరుటయు, మద్యసారమును నీరును ఆవిరియగుటయు మిగిలిన పొంగునకు కారణములు. అరువది డిగ్రీల ప్రాంతమున ఈస్టు నశించును. అదే సమయమున పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగురుకట్టును. అటుపై 70 డిగ్రీలు దాటగా గ్లూటెన్ గట్టిపడి, మరల సాగనేరని స్థితికి వచ్చును. బుడగల నడిమి పొరలు అప్పుడు తెగి, రంధ్రములన్నియు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఇది జరుగనిచో, బయటికి తీసిన వెంటనే లోపలి ఆవిరి చల్లబడి, రొట్టె ముడుతలుపడి క్రుంగిపోయెడిది. అంతవఱకు కదలుచుండిన రూపము ఆ రెండు మూడు నిమిషములలో శాశ్వతమగును.

లోపలిభాగమున నీరున్నంతవఱకు వేడి నూఱు డిగ్రీలు మించదు కావున అది తెల్లగను మెత్తగను ఉండును. పై పొర మాత్రము ఎండి, నూఱు దాటి, 140, 150 డిగ్రీలకు ఎక్కును. అచ్చట మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములు చక్కెరలతో సంయోగము చెంది, గోధుమవన్నె పదార్థములను, వందలకొలది సుగంధములను పుట్టించును. ఈ చర్యను 1912లో వెల్లడించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ పేరనే శాస్త్రలోకము దీనిని వ్యవహరించుచున్నది. స్విస్ గృహిణి బొమ్మపై కుంచెతో పూసెడి గ్రుడ్డుసొన ఈ చర్యకు కావలసిన మాంసకృత్తులను అందించును. పాలయందలి లాక్టోజు అను చక్కెరను రొట్టె ఈస్టు తినజాలదు. కావున అది పులియుట యందు వ్యయము కాక, పై పొరకు రంగునిచ్చుటకు పూర్తిగా మిగిలియుండును. నీటితో కలిపిన రొట్టెకంటె పాలతో కలిపిన రొట్టె త్వరగా ఎఱ్ఱవాఱుటకు ఇది హేతువు. కాలిన రొట్టెపెచ్చు సువాసనకు ముఖ్యకారణమైన ద్రవ్యము, రెండు-అసిటైల్-ఒకటి-పైరోలీన్ అనునది, మన బాసుమతి అన్నపు పరిమళమునకును ముఖ్యకారణము. జ్యూరిచ్ వంటింట డిసెంబరు సాయంకాలమున పొయ్యి తలుపు తెఱచినపుడు వచ్చు సుగంధమునందును, పెండ్లివిందులో బాసుమతి గుండిగ మూత తీసినపుడు వచ్చు సుగంధమునందును ఒకే అణువు గలదని తెలిసినపుడు నాకు కలిగిన సంతోషము ఇంతని చెప్పరానిది.

తెలుగునాట ఈ బొమ్మను చేయగోరువారికి రెండు మాటలు. కాచని పాలలోని కొన్ని మాంసకృత్తులు గ్లూటెన్ బలమును తగ్గించి రొట్టె పొంగును చెఱచును. పాలు పొంగువఱకు కాచి చల్లార్చుట మన యిండ్లలో నిత్యకృత్యమే కావున ఈ దోషము మనకు తగులదు. రెండవది వాతావరణము. స్విస్ వంటింట 20 డిగ్రీల వేడిలో పిండి రెట్టింపగుటకు గంటన్నరయో రెండు గంటలో పట్టును. పది డిగ్రీలు హెచ్చినచో ఈస్టు వేగము ఇంచుమించు రెట్టింపగును. మన కోస్తాతీరమున డిసెంబరు మధ్యాహ్నమున సైతము గంటలోపలనే పొంగు పూర్తియగును, ఏమరినచో హద్దు మీఱి బొమ్మ పరచుకొనిపోవును. బొమ్మను మలచిన పిమ్మట రెండవ పొంగునకు ఎక్కువసేపు విడువక, పదునైదు ఇరువది నిమిషములలో పొయ్యిలో పెట్టుట క్షేమము. మలచుచున్నంతసేపు మిగిలిన ముద్దలపై తడిగుడ్డ కప్పియుంచుట మఱువరాదు. పై పొర ఎండినచో పొంగునప్పుడు బీటలు వాఱును.

రొట్టెమనిషిని ఆనాడే తినవలెను. మఱునాటికి అతడు బిరుసెక్కుట తడి ఆఱుటచేతనే యని చాలమంది నమ్మిక. 1852లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు బూసెంగో, తడి బయటికి పోకుండ మూసియుంచిన రొట్టెయు బిరుసెక్కుననియు, దానిని మరల వేడిచేసినచో మెత్తబడుననియు చూపెను. పొయ్యిలో జిగురుకట్టిన పిండిపదార్థపు అణువులు, చల్లారిన పిదప మెల్లమెల్లగా మరల క్రమముగా అమరి స్ఫటికరూపము దాల్చుటయే దీనికి కారణము. ఈ అమరిక శీతలపేటికలోని చలిలో మరింత వేగముగా జరుగును. కావున రొట్టెను అందులో దాచుట దానిని ముసలిదానిని చేయుటయే. వెన్నయు పాలును ఈ మార్పును కొంత ఆలస్యము చేయును గాని ఆపలేవు. మిగిలిన ముక్కలను స్విస్ పిల్లలు మఱునాటి ఉదయము వేడి కోకోలో ముంచి తిందురు. ఆ వేడికి స్ఫటికములు కొంత కఱగి రొట్టె మరల మెత్తనగును.

నెల తిరుగగనే ఈ పిండికే మరల పని పడును. జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, స్విస్ కుటుంబములు మూడురాజుల రొట్టె తినును. క్షీణించిన ఆ ప్రాచీనాచారమును 1952లో రొట్టె చరిత్ర పరిశోధకుడగు మాక్స్ వేరెన్ అను విద్వాంసుడు బేకరీ వర్తకుల సంఘముతో కూడి పునరుద్ధరించెను. నేడు అది దేశమంతట ఇంటింట కలదు. నడుమ ఒక పెద్ద ఉండ, దాని చుట్టును ఏడెనిమిది చిన్న ఉండలు పెట్టి, ఒక ఉండలో చిన్న రాజు బొమ్మను దాచి కాల్తురు. రొట్టెమనిషి కాళ్ల నడుమ ఎడము విడుచుటకు ఎంత శ్రద్ధ వహింతురో, ఇచ్చట అంత శ్రద్ధతో ఉండలను దగ్గఱగా, సెంటీమీటరునకు లోపలి సందుతో పేర్తురు. అవి పొంగి, ఒకదానినొకటి తాకి, అంటుకొని, పువ్వు ఆకారమగును. అంటుకొనిన చోట పెచ్చు ఏర్పడదు కావున, పిల్లలు కత్తి లేకయే తమ తమ ఉండను పెఱికికొందురు. ఎవని వాటాలో రాజు దొరకునో వాడు తలపై కాగితపు కిరీటము ధరించి, ఆ దినమంతయు ఇంటివారిపై అధికారము చెలాయించును.